ఐదు గంటల కుళాయి

సభకు పెద్దగా కూర్చున్న జయరావు మాస్టారికి, కొత్తగా గెలిచిన మన కౌన్సిలరు జ్యోతిర్మయికి, కోతలు మానుకుని వచ్చిన ఏడో వార్డు ఆడవాళ్లకు ఈ హనుమాయమ్మ నమస్కారాలు. అయ్యా, ఆ షామియానా గుంజ వదులుగా ఉన్నట్టుంది, ఎవరైనా చూడండి.

ఐదేళ్ల కిందట ఆడవాళ్ల సీటు వచ్చిందని మీరే నాచేత నామినేషను వేయించారు. పదకొండు ఓట్లతో గెలిచాను. ఆ పదకొండు మందీ ఎవరో, వాళ్లకు కోపం వస్తే ఎట్లాగో అని అప్పటినుంచీ బెంగే. (నవ్వులు)

మీరు అడిగింది ఒకటే. తెల్లారకముందే మిరప కోతలకు ఆటో ఎక్కేవాళ్లం, కుళాయి ఎనిమిదింటికి వదిలితే ఎట్లా, ఐదింటికి వదిలించమన్నారు. మొదటి మీటింగులో పాత వేళే ఉంచుదామన్నవాళ్లు చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. నేనొక్కదాన్నే ఊరుకుంటే ఏమనుకుంటారోనని భయపడి...

నేనూ ఎత్తానమ్మా.

ఇంటికొచ్చి మీతో మాత్రం, "వాళ్లు ఒప్పుకోలేదు" అన్నాను. మళ్లీ ఏడాదికి గానీ వేళ మారలేదు. ఆ ఏడాదంతా వీరమ్మ కూలికి పోతే, దాని కూతురు షారోన్ కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడి, బడికి ఆలస్యంగా పోయి దెబ్బలు తినేది. ఇవాళ మీరు కప్పిన ఈ శాలువా అందుకే భుజం మీద నిలవడం లేదు.

ఏంటి వీరమ్మా? లేచి నిలబడి చెప్పు, అందరూ వింటారు.

"నువ్వూ చెయ్యెత్తావని నీళ్లు వదిలే బుడాన్ మర్నాడే చెప్పాడు పెద్దమ్మా! మాకు తెలుసని నీకు తెలిస్తే అన్నం మానేస్తావని ఊరుకున్నాం!"

(చప్పట్లు, నవ్వులు)

ఓసి మీ దుంపతెగ! ముందే చెబితే ఐదేళ్ల దిగులు తప్పేది గదే! ఉండండి, కళ్లు తుడుచుకోనివ్వండి.

అమ్మా జ్యోతిర్మయీ, చదువుకున్నదానివి, నీకు నేను చెప్పేదేముంది? అయినా చెయ్యెత్తేముందు దేనికో అడుగు. పక్కవాళ్లు నవ్వినా అడుగు. ఆ ఐదు గంటల వేళ మాత్రం ఎవరినీ కదపనివ్వకు.

నన్ను మోసిన మీ అందరికీ దణ్ణాలు. పోయేటప్పుడు ఆ గుంజ దగ్గర జాగ్రత్త. రేపు ఐదింటికి నా బిందె కూడా మీ వరసలోనే ఉంటుంది, అందాకా సెలవు.