దారం నిటారుగా దిగాలి

మళ్ళీ ఏటవాలుగా పోయింది చూశావా దారం! ఇప్పుడేగా పడవ సరిచేశాను.

నువ్వయితే ఈపాటికి నెత్తిన మొట్టేదానివి. “పడవ వెనకవైపు గాలికి ఎదురుగా పెట్టు, మోటారు వెనక్కి నడుపుతూ ఉండు, దారం నిటారుగా దిగాలి” అని. సరే రొజాలీ, పెట్టాను. ఒక చెయ్యి మోటారు మీద, ఒక చెయ్యి గాలం కర్ర మీద. మరి రీలు తిప్పడానికి మూడో చెయ్యి ఎవరిస్తారు?

ముప్పై ఒక్క ఏళ్లు పడవ నాది, గాలం నీది. ఊళ్లో ఎంత నవ్వేవాళ్లు! “ఎడ్వార్ పెళ్లాం ట్రౌట్ చేపలు పడుతుంది, ఎడ్వార్ వాటిని ఊరేగించుకొస్తాడు” అని.

ఇవాళ్టికి ఏడాది నువ్వు పోయి. సాయంత్రం నీ పేర నిప్పుకి తిండి పెట్టాలి, అందరూ తమ పళ్లెంలోంచి నీకింత మంటలో వేస్తారు. మీ అక్క బెర్నడెట్ ఏమందో తెలుసా? “ఏమయ్యా, కేరిబూ జింక మాంసం మేం చూసుకుంటాం. ట్రౌట్ మాత్రం నువ్వు గాలం వేసి పట్టిందే తేవాలి. మా చెల్లికి ఇంకేదీ ఎక్కదు” అంది, అంతమంది ముందు. తల ఊపి వచ్చేశాను. ఊపక ఏం చెయ్యనూ?

ఆఁ, సరస్సు అడుగు తగిలింది. తొంభై రెండు అడుగుల లోతు. రీలు రెండు చుట్లు పైకి. ఎత్తు... దించు. ఎత్తు... దించు. గాలానికున్న సీసం కిందికి జారేటప్పుడే చేప కొరుకుతుంది, అప్పుడు కూడా దారం కాస్త బిగువుగానే ఉండాలి అనేదానివి. బిగువుగా ఉంచి జారనివ్వడం ఎలాగే? నాకెప్పుడైనా చెప్పావా?

చెప్పావులే. నేను టీ పోసుకుంటూ ఉండేవాణ్ణి.

ఉండు. ఉండుండు. చేపల్ని చూపించే తెర మీద ఇంకో గీత! నా సీసం వెనకే పైకొస్తోంది. ఎనభై... డెబ్బై... అమ్మో, పెద్దదే...

అయ్యో. ఆపేశానే! చేప వెంటపడుతుంటే ఆపకూడదు, ఇంకా జోరుగా లాగాలి, పారిపోతోందనుకుంటేనే పట్టుకుంటుందని వందసార్లు అన్నావు. చెయ్యి ఆగిపోయింది. అదొచ్చి, చూసి, తీరిగ్గా కిందికి దిగిపోయింది.

తిట్టలేదు. నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. తిడితే చేప మళ్ళీ రాదు కదా. బయల్దేరేముందు నీళ్లకి మొక్కుగా పొగాకు కూడా...

సరే, పొగాకు కాదు. పొగ మానేసి ఐదు నెలలైంది, ఇంట్లో లేదు. టీ ఆకు వేశాను. సరస్సుకి తేడా తెలియదా అంటావు. తెలిసినట్టే ఉంది.

గాలి ముదురుతోంది. అలల మీద నురుగు లేచింది. ఇంకో అరగంట, అంతకు మించి ఈ పడవ నిలవదు. ఒక్కటి చాలే. చిన్నదైనా పర్వాలేదు. నీ మాట వింటాయిగా, ఒక్కదాన్ని పైకి పంపలేవూ?

ఎందుకు పంపుతావు! నాతో లెక్క తేలనిది ఒకటి ఉందిగా.

ఎల్లోనైఫ్ పట్నంలో, ఆస్పత్రి మంచం మీద అడిగావు చూడు, ఈ సరస్సులో మన రాతిదిబ్బ దగ్గరి ట్రౌట్ తల చారు కావాలని. తెచ్చాను. మూడు రోజులు తిరిగి పట్టానన్నాను. వచ్చిన ప్రతి నర్సుకీ చెప్పుకున్నావు, మా ఆయన పట్టాడు, మా ఆయన పట్టాడు అని.

నేను సరస్సు మీదికి వెళ్లనేలేదే రొజాలీ. అది పక్కింటి మోరిస్ ఫ్రీజర్‌లోది. వేసవిలో వలలో పడ్డది. ఆ మూడు రోజులూ పడవ ఒడ్డునే ఉంది, నేను ఇంట్లో పడుకున్నాను. వెళ్తే ఏమీ పడదని నాకు తెలుసు. ఖాళీ చేతులతో నీ మంచం దగ్గరికి రాలేకపోయాను.

నువ్వు చారంతా తాగావు. గిన్నె వంచి మరీ తాగావు. మన దిబ్బ రుచే రుచి అన్నావు.

ఇదిగో, మళ్ళీ దించుతున్నాను. పడితే పడుతుంది. పడకపోతే నిప్పు ముందు నిలబడి, ఈ మాటే అందరి ఎదుటా చెప్పేస్తాను. నీకు పెట్టడానికి నా దగ్గర అంతకుమించి ఏముంది? ఆకలి తీరకపోతే తిట్టుకో.