సగం కోయ్తా

బీడ్ సర్కారు ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు. చెరుకు కోతకు మొగుడితో వలస వెళ్లి, ట్రక్కు చక్రం కింద కాలు పోగొట్టుకున్న కాశీబాయి మంచం పక్కకు మొగుడు దగడూ ఇన్నాళ్లకు తీరిక చేసుకుని వచ్చాడు.

"రేపు పరిహారం ఆఫీసర్ ముందు ఏం చెబుతావో, అది ఒకసారి నాకు చెప్పవయ్యా."

"ఏముంది చెప్పడానికి? జరిగింది చెబుతా."

"అదే, జరిగిందేంటి?"

"రొట్టె తెచ్చా, తిను. వెల్లుల్లి కారం కూడా ఉంది."

"ఎవరు చేశారు?"

"ఎవరో ఒకరు. గుడిసెల్లో ఆడవాళ్లకి కరువా? తిను ముందు."

"రొట్టె ఎక్కడికీ పోదు. జరిగిందేంటో చెప్పు."

"పడ్డావు. కాలు పోయింది."

"ఎక్కడ పడ్డానయ్యా? పెళ్లి ఊరేగింపులో చిందులేస్తూ పడ్డానా?"

"అబ్బా, మెల్లగా మాట్లాడు."

"నెత్తిన చెరుకు మోపుతో ట్రక్కు మీదికి ఎక్కుతుంటే, ఆ తాగుబోతు డ్రైవర్ బండి కదిలించాడు. కాలికింద పలక జారింది. నువ్వు చూశావా, లేదా?"

"చూశాను."

"ఆ ముక్క చాలు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చి తీరాలంది యూనియన్ ఉజ్వలా తాయి. అడుక్కునేది కాదంట, హక్కంట."

"ఆవిడకేం, చెప్పేసి పోతుంది. మేస్త్రి ఏమంటాడంటే..."

"వచ్చాడూ మేస్త్రి! నీ నోట్లో ఉన్నది ఆయన నాలుకే కదా. ఏమంటాడు?"

"పనిలో పెట్టుకుంది నన్నంట. కోయ్తా నా పేరు మీదే ఉందంట. నువ్వు వంట చేసిపెట్టడానికి నా వెంట వచ్చావంట."

"ఆహా! మొగుడు కత్తితో నరికి, పెళ్లాం మోపు కట్టి మోస్తేనే కదయ్యా, ఇద్దరూ కలిసి ఒక కోయ్తా? ఒంటి మగాడికి అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రిని ఒక్కణ్ణి చూపించు."

"నాకు తెలీదా ఆ సంగతి?"

"తెలుసు గనకే చెప్పమంటున్నా. చలిజ్వరంతో నేను గుడిసెలో పడుకున్న రోజు మేస్త్రి ఏం చేశాడు?"

"ఏం చేశాడు?"

"ఖాడా వేశాడు! పని ఎగ్గొట్టానని జరిమానా! వంటమనిషికి ఖాడా ఏంటయ్యా? ఈ మాట వినగానే ఉజ్వలా తాయి మొహం వెలిగిపోయింది. కేసంతా ఇందులోనే ఉందంట. నువ్వు అవునంటే చాలంట."

"మిగతావాళ్లని అడగరాదా?"

"మేస్త్రి అప్పులో మునిగినోళ్లు నోరు తెరుస్తారా? నా మొగుడివి నువ్వు."

"కాశీ..."

"ఏం?"

"ఆ ఖాడా సంగతి... నాకు సరిగ్గా గుర్తులేదు."

"గుర్తులేదా! ఆ రాత్రి మేస్త్రిని నువ్వు తిట్టిన తిట్లు గుడిసెల దగ్గర కుక్కలక్కూడా గుర్తున్నాయి."

"ఆయన అప్పు నా మెడ మీదుంది కదే. ఇంకా చెరుకు కొట్టాలి."

"ఎవరితో కొడుతున్నావు?"

"ఆఁ?"

"నేనిక్కడ పడుంటే మోపులు ఎవరు కడుతున్నారు?"

"ఏదో... సర్దుకుంటున్నా."

"సగం కోయ్తాని ఒక్కరోజు ఉంచుకోడు మేస్త్రి. నిన్నెట్లా ఉంచుకున్నాడు? వచ్చినప్పటినుంచి చూస్తున్నా, ఆ చేతులు చంకల్లోంచి తియ్యవేం?"

"చలిగా ఉంది."

"ఫ్యాను కింద జనం చెమటలు కక్కుతుంటే నీకు చలా? చూపించు."

"ఏముంది చూడ్డానికి?"

"చూపించు!"

"అరవకే, అందరూ చూస్తున్నారు. ఇదిగో."

"పసుపు... పెళ్లి పసుపు!"

"మేస్త్రే కుదిర్చాడు. పేదోళ్ల పిల్ల. నిన్ను వదిలేస్తానని కాదు కాశీ, అప్పు ఎట్లా తీర్చను?"

"ఎన్నేళ్లు దానికి?"

"పెళ్లయ్యేటన్ని ఉన్నాయిలే."

"ఈ రొట్టె అది చేసిందేనా?"

"ఊఁ."

"నన్ను ఇంటికి తీసుకుపోయి పొయ్యి ముందు కూర్చోబెడితే, ఇంతకన్నా మంచి రొట్టె చేసిపెట్టేదాన్ని కదయ్యా. ఒంటికాలితో వంట చెయ్యలేనా?"

"చేస్తావు. వంటకేం, కూర్చుని చేస్తావు. కానీ మోపులు ఎవరు మోస్తా..."

"ఆగిపోయావేం? అను."

"ఏమీ లేదు. నేను పోతా, బండి టైమైంది."

"పో. రేపు మాత్రం రాక తప్పదు, ఆఫీసరే పిలిచాడు. నువ్వు నోరు తెరవనక్కర్లేదు, మోపులు ఎవరు మోశారో ఆ పసుపే చెబుతుంది. ఆయన ముందు ఆ చేతులు చంకల్లోంచి తియ్యి, చాలు."