నాలుగు వేలమందికి ఒకే గుమ్మం

అసలు ఆ అడ్రసు చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది వదినా. వచ్చింది కూడా. నాకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

ఆ మిషన్ తొక్కడం ఒక్క నిమిషం ఆపవా? సరే, ఆపకు. కూర్చోమని కూడా అనవు. నిలబడే చెప్తాను. మూడు వారాల నుంచి కడుపులో పెట్టుకు తిరుగుతున్నాను, కూర్చుంటేనే బయటికొస్తుందా ఏం?

ఆ పాత కుట్టుమిషన్ కొన్నవాడు ఉండేది సముద్రం అవతల. వాడిచ్చిన అడ్రసేమో ఇవతలది. రేవు దగ్గర ఏదో గోడౌన్. పేరు పక్కన ఒక నంబరు. ఉండబట్టక ఆ అడ్రసు నెట్‌లో వెతికాను. నాలుగు వేలమందికి అదే అడ్రసు! నాలుగు వేలమంది ఒకే గుమ్మంలో కాపురం! చెప్పులెక్కడ విప్పుతారంటావ్?

నవ్వకు. నవ్వలేదా? నవ్వావనుకున్నాను.

ఫార్వర్డర్ అంటే అదేగా. నీకు తెలియందేముంది, నీ చేత్తో ఎన్ని పెట్టెలు కట్టలేదు అలాంటి గోడౌన్లకి? మనం పాత మిషన్లు అమ్మే సైట్‌లో, సముద్రం దాటి పంపం అని రాసుకున్నాం. అందుకని ఆ అవతలివాళ్ళు గోడౌన్‌లో ఒక నంబరు తీసుకుంటారు. మనం గోడౌన్‌కి పంపుతాం, గోడౌన్ వాడు ఓడెక్కిస్తాడు. ఈ మధ్యలో మన పెట్టె ఎవడి చేతిలో పడింది, ఎవడు విప్పాడు, ఎవడు మూశాడు, ఎవడికి తెలుసు? దేవుడికి కూడా ట్రాకింగ్ నంబరు ఇవ్వరు.

రెండేళ్ళ కిందట చేతిమిషన్ పిడి పోలేదూ? అదీ ఇలాంటి గోడౌన్‌కి వెళ్ళిందే. అప్పట్నుంచి నేను గోడౌన్ అన్న మాట వింటే జేబు తడుముకుంటాను.

ఈసారి పోయింది షటిల్. అడుగు దారం అందించేది, బొటనవేలంత ఉంటుంది, పడవలాగా. అది లేకపోతే ఆ మిషన్ ఉత్త ఇనప దిమ్మ, మీద ఎన్ని బంగారు పువ్వులుంటే మాత్రం ఏం లాభం? కొత్తది కొనిద్దామంటే చేసేవాళ్ళు పోయి ఎన్నేళ్ళయిందో.

ఆ కొన్నవాడు ఏం రాశాడో తెలుసా? "మిషన్ చేరింది, చాలా బాగుంది, మీ శ్రమకు కృతజ్ఞతలు. షటిల్ మాత్రం కనిపించలేదు, దయచేసి ఒక్కసారి చూడగలరా" అని. చూశావా ఆ మర్యాద! నష్టపోయినవాడు అలా రాస్తాడా ఎక్కడైనా? నష్టపోయినవాడు తిడతాడు. నాకక్కడే తేడా కొట్టింది.

ఫొటోలు పెట్టాడు. పెట్టె మనది కాదు! మన టేపు గోధుమరంగు, వాడి ఫొటోలో తెల్ల టేపు. మన పెట్టెలో సగం కూడా లేదది. ఇంకేం, దొరికాడు దొంగ అనుకున్నాను. డిస్ప్యూట్ వేశాడుగా, సైటువాళ్ళకి గట్టిగా సమాధానం రాశాను. మా సరుకు గోడౌన్‌లో దింపినట్టు సంతకం ఉంది, మా పని అక్కడితో సరి, తర్వాత ఎవరు విప్పారో ఎవరు కట్టారో మాకు సంబంధం లేదని. వాళ్ళ రూలూ అదే. ఫార్వర్డర్ చేతిలో పడితే కొన్నవాడి చేతిలో పడ్డట్టే.

అందులో నీ గురించి కూడా రాశాను.

ఏం రాశానో తర్వాత చెప్తాలే.

సరే, రూలు మనవైపుంది, కేసు మనదే. మరి నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా? ఊరుకునే పుట్టుకేనా నాది? కొన్నవాడు అబద్ధం చెప్పకపోతే? గోడౌన్ వాడు తియ్యకపోతే? అంత చిన్న ముక్క, దాని విలువ తెలిసినవాళ్ళే తియ్యాలి. తెలిసినవాళ్ళెవరు? నేను. నేను కాక ఇంకెవరు?

అదిగో. అలా వచ్చింది ఆ ఆలోచన. పురుగులా వచ్చింది. తరిమేద్దామనుకోలేదు నేను, చోటిచ్చి కూర్చోబెట్టాను.

దారం కండె కోసం షాపులో నీ సొరుగు తీశాను. కండె కోసమే. సరే, కండె కోసం కాదు. కాగితం పొట్లంలో షటిల్ తగిలింది. అచ్చం అలాంటిదే.

ఎదురు షాపు కత్తెరాయన అక్కడే ఉన్నాడు, మెడలో కొలతల టేపు వేసుకుని. బొత్తాలామె గుమ్మంలో నిలబడి ఉంది. నిన్ను లోపలికి పిలిచి అడగొచ్చు. పిలవలేదు. దాన్ని అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుని, "ఇదెక్కడిది వదినా?" అన్నాను. మాట చిన్నదే. అడిగిన తీరే పాడుది. ఆ తీరు నాకిప్పటికీ వినపడుతోంది.

"మీ అన్నయ్యది" అన్నావు నువ్వు. అంతే.

నేనేమన్నాను? "పోయినవాళ్ళు సాక్ష్యానికి రారుగా" అన్నాను.

అన్నయ్య పెట్టిన షాపులో. అన్నయ్య నేర్పిన పని చేసుకు తింటూ.

నువ్వు షాపు తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయావు. కత్తెరాయన "అయ్యో, ఆవిడా?" అన్నాడు. నేను కాదనలేదు, అవుననలేదు. కాదనకపోతే చాలు కదా వదినా, మిగతాది వీధి చూసుకుంటుంది. ఇప్పుడు నీకు రెడీమేడ్ షాపువాళ్ళు గుడ్డ కొలిచి ఇచ్చి, కుట్టిన తర్వాత మళ్ళీ కొలిచి తీసుకుంటున్నారటగా? విన్నాను. ముక్కలు కూడా తూకం వేస్తున్నారట. ఆరేళ్ళు పెట్టెలు కట్టి ఒక్క సూది పోగొట్టని మనిషివి.

ఎందుకు ఆపావ్? తొక్కు వదినా. ఆ చప్పుడుంటేనే నాకు చెప్పడం తేలిగ్గా ఉంది.

తొక్కవు. సరే.

సైటువాళ్ళకి ఏం రాశానో చెప్తానన్నానుగా. "మా దగ్గర సరుకు కట్టేది మా వదిన. ఆవిడ పెట్టాను అంటే పెట్టినట్టే. ఈ ఆరేళ్ళలో ఆవిడ పెట్టెలో పెట్టకుండా వదిలేసింది ఏదీ లేదు" అని రాశాను. అది పొద్దున. నీ సొరుగు తీసింది అదే రోజు మధ్యాహ్నం.

నమ్మి రాయలేదులే. కేసు గెలవాలని రాశాను. కానీ వాళ్ళు నమ్మారు! మర్నాడే తీర్పు వచ్చింది, మనదే న్యాయమని. ఎక్కడో కూర్చున్న ఉద్యోగి, నీ మొహమైనా చూడనివాడు, నిన్ను నమ్మాడు. ఒకే ఇంట్లో పదహారేళ్ళు తిరిగిన మరిదినై ఉండి నేను నమ్మలేదు. ఏం చెయ్యమంటావ్ ఇలాంటివాణ్ణి?

అలా చూడకు. ఇంకా ఉంది.

మొన్న బస్సెక్కి ఆ గోడౌన్‌కి వెళ్ళాను. నాకూ ఒక నంబరు కావాలని అబద్ధం చెప్పి లోపల దూరాను. మనం గోడౌన్ అంటే దొంగల గుహ అనుకుంటాం కదా, అలాంటిదేం లేదు. పొడుగాటి బల్లలు, టేపు కోసే చప్పుడు, అట్టముక్కల వాసన. నడుముకి పట్టీ బిగించుకున్న ఒక పెద్దాయన వచ్చిన పెట్టె వచ్చినట్టు విప్పుతున్నాడు. లోపలి వస్తువు తీసి చిన్న పెట్టెలో సర్దుతున్నాడు. పాత పెట్టె ఓ పక్కకి, థర్మాకోల్ దిమ్మలు ఓ పక్కకి విసిరేస్తున్నాడు.

"ఎందుకండీ విప్పడం?" అన్నాను.

"ఓడలో బరువుకే కాదు బాబూ, పెట్టె ఎంత చోటు తింటే అంత కట్టాలి. చిన్న పెట్టెలో వెయ్యమని కొన్నవాళ్ళే రాస్తారు" అన్నాడు.

"మరి ఆ థర్మాకోల్‌లో ఏమైనా ఉండిపోతే?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "థర్మాకోల్‌లో ఎవడైనా వస్తువు పెడతాడా?" అన్నాడు.

పెడతాడు. నేను పెట్టించాను.

వెనక రేకుల షెడ్డులో ఉంది ఆ గుట్ట. మూడు నెలలకోసారి లారీ వచ్చి పట్టుకుపోతుందట, ఇంకా రాలేదు. రెండు గంటలు వెతికాను. మన దిమ్మ చూడగానే గుర్తుపట్టాను, నువ్వు మూలలు గుండ్రంగా కోస్తావు కదా. తిరగేస్తే అడుగున చిన్న గుంట, మీద కాగితం టేపు. లోపల మెత్తటి గుడ్డలో చుట్టి, షటిల్.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

నువ్వు చీటీ కడతానన్నావు. మిషన్ పిడికి కడతావు కదా ఎప్పుడూ, "చిన్న సామాను అడుగు దిమ్మలో ఉంది" అని. నేనే వద్దన్నాను. చీటీ కడితే దొంగకి దీపం పట్టి దారి చూపించినట్టేనన్నాను. ఎవడికీ కనపడకుండా దాచు, కొన్నవాడికి నేను విడిగా మెసేజ్ పెడతానన్నాను. పెట్టె కట్టాక "మెసేజ్ పెట్టావా?" అని నువ్వు అడిగావు కూడా. "పెట్టాను" అన్నాను.

పెట్టలేదు వదినా.

మర్చిపోయాననుకుంటున్నావా? అయ్యో, అదైనా నయం. మెసేజ్ రాశాను. పంపబోతూ ఆగాను. ఎక్కడ దాచామో ముందే చెప్తే, వాడే తీసేసుకుని లేదంటాడేమో! చేరాక చెప్దాంలే అనుకున్నాను. చేరాక మర్చిపోయాను, పంపేశాననే అనుకున్నాను. రాసిన మెసేజ్ రాసినట్టే ఉంది ఫోన్‌లో, పంపకుండా.

ఎప్పుడు చూశానంటావా?

గోడౌన్‌లో కాదు. నిన్నో మొన్నో కూడా కాదు. నువ్వు తాళాలు పెట్టి వెళ్ళిన సాయంత్రమే చూశాను.

అవును. ఇరవై రోజులు. దొంగకు తేలు కుట్టినట్టు ఉన్నాను. వాళ్ళు కొలిచి ఇచ్చిన గుడ్డ నువ్వు కుడుతున్నావని తెలిసీ ఉన్నాను. రోజూ షాపు తీసేవాణ్ణి, కత్తెరాయన "మీ వదిన మళ్ళీ రాలేదా?" అనేవాడు, నేను మిషన్‌కి నూనె వేస్తూ తల దించుకునేవాణ్ణి. గోడౌన్‌కి వెళ్ళింది కూడా ఎందుకనుకున్నావ్? నీకు న్యాయం చేద్దామనా? అది దొరక్కూడదని మొక్కుకుంటూ వెళ్ళాను. దొరక్కపోతే ఎవడో తీసినట్టేగా! నేను బతికిపోయేవాణ్ణి.

దొరికింది.

సైటువాళ్ళకి రాశాను, తప్పు నాదే, కేసు తిరగరాయండని. కొన్నవాడికి రాశాను. షటిల్ నేరుగా వాళ్ళింటికే పంపాను, గోడౌన్ గీడౌన్ లేకుండా. వాడు మళ్ళీ మర్యాదగానే జవాబిచ్చాడు. ఆ మర్యాద వాడి సొంతమేనన్నమాట, నేను అనవసరంగా శంకించాను. ముక్కూమొహం తెలియనివాళ్ళకి తప్పు ఒప్పుకోవడం ఎంత తేలికో తెలుసా? రెండు నిమిషాలు పట్టింది. ఇక్కడికి, ఈ రెండు వీధులు దాటి రావడానికే ఇన్ని రోజులు పట్టింది.

ఏంటీ?

మాట్లాడావా నువ్వు? మళ్ళీ అను.

షాపులోనా? కత్తెరాయన ముందా? బొత్తాలామె కూడానా? రెడీమేడ్ షాపుకి కూడా వెళ్ళి?

నీకు చెప్పానుగా వదినా. నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. ఇక్కడ, తలుపేసుకుని... వద్దా? అక్కడ అన్న మాట అక్కడే వెనక్కి తీసుకోవాలంటావు.

న్యాయమే.

చెప్తాను. ఇప్పుడే వెళ్తాను. అందరూ ఉండే వేళే ఇది. "షటిల్ పోగొట్టింది నేను, మా వదిన కాదు, ఆ సంగతి నాకు మొదటిరోజే తెలుసు" అంటాను. ఆ చివరి ముక్క కూడా అంటాను.

కానీ నువ్వు కూడా రా వదినా. మాట్లాడొద్దు, నా పక్కన నడువు చాలు. ఒక్కణ్ణే వెళ్ళానంటే, ఈ రెండు వీధులు దాటేలోపు ఇంకో అబద్ధం తట్టేస్తుంది నాకు. నన్ను నేను ఎరుగుదును.