రెండోసారి అనని మాట

"తాతా, ఈ ఫోటో చూడు. మా సైట్‌లో పాత గోడ. తెల్లగా పొడి పొడిగా వస్తోంది. బాస్ పెయింట్ వేసి మూసేయమంటున్నారు, రేపు నేను సైన్ చేయాలి. ఓకే లా?"

ఏదీ, ఇటియ్యి. కల్లజోడు... ఆఁ, నెత్తిమీదే ఉన్నాది. ఓలమ్మ, ఇటికల గోడా? కింద దుకాణం, పైన ఇల్లు, అలాటి పాత షాప్‌హౌసా? అదే అనుకున్నాను. కూసో ఝాన్సీ. ఆ కప్పులో కోపి సల్లారితే సల్లారనీ. ఈ దేశపోల్లలాగ ఓకే లా గీకే లా అనకు, ఇది నవ్వులాట కాదు.

ఈ తెల్లపొడీ ఉప్పే, మనం కూరలో ఏసుకునే ఉప్పు కాదే. సదువుకున్నోల్లు మీరు సల్ఫేటంటారు గదా, ఆ జాతిది. నాకా పేరు ఈ దేశం వొచ్చినాకే తెలిసినాది. మా అయ్య సున్నం పని సేసీవోడు, శ్రీకాకులంలో... కాదు, టెక్కలి అవతల. గోడమీద పొడి ఏలితో తీసి నాలిక్కి రాసుకునీవోడు. ఉప్పగుంటే ఒక రకం. సేదుగా, నాలిక సల్లబడినట్టుంటే ఇంకో రకం. ఆ రెండోదాంతో జాగర్త అనీవోడు. నాకూ అదే అలవాటయిపోనాది. నువ్వు నాకీకు సుమా, మీకు ల్యాబులున్నాయి, పంపించు.

దాని గుణం ఇనుకో. నీరు తగిల్తే కరిగి గోడంతా పాకతాది. ఆరితే ఇటిక కన్నాల్లో గడ్డకడతాది. మల్లీ సెమ్మ తగిల్తే నీరు తాగి ఉబ్బుతాది. ఇక్కడి వానలు తెలుసు గదా, పొద్దున్న ఎండ, మద్దేన్నం వాన. తడిసి ఆరి, తడిసి ఆరి, లోపల్నించి తోసి తోసి ఇటికని పిండి సేసెస్తాది. పైకొచ్చిన పొడితో బాధ నేదు, బైటపడిపోనాది గదా. పొడి బ్రష్షుతో దులపాల, నీల్లతో కడగకూడదు. కడిగితే మల్లీ లోపలికే పోతాది. సెమ్మ ఎక్కణ్ణించి వొస్తందో సూసి ఆపి, గోడని ఆరనియ్యాల. అలాక్కాదని పైన సిమెంటు పూసి నూనెరంగు ఏసి మూసీసినావనుకో, లోపలే పెరగతాది. బైటికి మాత్రం నున్నగా బాగుంటాది.

నాను మూసినాను. ఈ సేతుల్తోనే.

మీ అమ్మ అప్పటికి పుట్టనేదు. నేదు నేదు, పుట్టింది, ఊర్లో మీ అమ్మమ్మ దగ్గరుంది. నాను, అప్పలరాజు ఒకే కాడ పని సేసీవోల్లం. పక్కూరోడు. సుట్టరికం ఏటీ నేదు గాని నన్ను బావా అనీవోడు. కోపి ముప్పై సెంట్లు అప్పుడు. ఒకటే కొని ఇద్దరం తాగీవోల్లం. పై సగం ఆడికి, అడుగు సగం నాకు. తియ్యటి డబ్బాపాలు అడుగునుంటాయి గదా, నాకు తీపి ఇష్టమని కలపకుండా తాగీవోడు ఆడు... ఏటి సెప్తన్నాను? ఆఁ, గోడ.

ఇలాగే పాత దుకాణమిల్లు. గోడ కింద భాగమంతా తెల్లగా. నాలిక్కి రాసుకున్నాను. సేదు. "సార్, సేదుగుంది, ఇది మూస్తే నిలబడదు, ఆరనియ్యాల" అన్నాను సూపర్వైజరుతో. ఆయన నవ్వీసినాడు. అందర్నీ పిలిచి, "ఈయన గోడలు నాకి రిపోర్టు ఇస్తాడంట" అన్నాడు. అందరూ నవ్వినారు. నాకు సిగ్గేసింది. నిజం సెప్తన్నాను, పని పర్మిట్ పోతాదని బయపడి కాదు. సిగ్గు. నోరు మూసుకొని సిమెంటు పూసినాను. అప్పలరాజు నా మొకమే సూస్తా తట్టలందించినాడు.

ఏడాది దాటినాక ఆ గోడ ఉబ్బిందని మమ్మల్నే పంపినారు. తడితే డొల్ల సప్పుడు. నాను నిచ్చెన కోసం అలా బైటికెల్లినాను, అంతే. సిమెంటు పలకకి పలకే, ఎనక ఇటిక ముక్కల్తో సహా ఊడి, ఆడి కుడి సేతిమీద పడ్డాది. తాపీ పట్టే సెయ్యి. బొటనేలు తప్ప మరే ఏలూ మల్లీ వొంగనేదు.

ఆస్పత్రిలో పక్కన కూసున్నాను. తిడతాడనుకున్నాను. తిట్టనేదు. పైకప్పుకేసి సూస్తా మెల్లిగా అడిగినాడు. "బావా, సేదన్నావు గదా. రెండోసారి ఎందుకననేదు?"

నాను ఆడి దుప్పటి సర్దినాను. కంపెనీవోల్లు ఆడిని ఊరికి పంపీసినారు. ఎయిర్‌పోర్టుకి ఎల్లినాను. ఎడం సేత్తో పెట్టె పట్టుకొని లోపలికెల్తా ఎనక్కి తిరిగినాడు. కట్టు కట్టిన సెయ్యి ఎత్తి ఊపినాడే, ఝాన్సీ. నాకు... నాకు ఊపినాడు. మొన్న కార్తీకంలో పోనాడని ఆల్ల పిల్లలు ఫోన్ సేసినారు. బతికుండగా ఒక్కసారి తప్పైపోనాది రా అనలేకపోనాను.

ఏడవకే. ఏడిపించడానికి సెప్పనేదు. రేపు నువ్వు సంతకం పెట్టను, గోడ ఆరాల అంటావు. నవ్వుతారు. సిన్నపిల్ల, దీనికేటి తెలుసంటారు. సిగ్గేస్తాది నీకు, మొకమంతా ఏడెక్కిపోతాది. అప్పుడు... ఇంకోసారి సెప్పు తల్లీ. అంతే. మల్లీ సెప్పు.

"సరే తాతా. రెండోసారి కూడా చెప్తాను."

సల్లగుండు. నీ సేతులు సల్లగుండాల, నీ కింద పనిసేసీవోల్ల సేతులు సల్లగుండాల. ఆ కోపి ఏటయ్యింది? సల్లారిపోనాదా? పర్వానేదు, పై సగం నువ్వు తాగీసి ఇలాగియ్యి. కలపకే... కలపకు...