పదో వరుసలోని చెవులు

అధ్యక్షస్థానంలో కూర్చుని ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న హాలు కమిటీ అధ్యక్షురాలికి, ముందు వరుసల్లోని పెద్దలకు, శనివారం సాయంత్రాలు మా బృందం వాయిస్తుంటే ఓపిగ్గా విన్న మిత్రులకు, వినకుండా కబుర్లు చెప్పుకున్న మిత్రులకు కూడా నమస్కారం. (నవ్వులు)

మన హాలు వాద్యబృందంలో ఇన్నేళ్లూ గిటారు వాయించి ఇవాళ్టితో విరమించుకుంటున్న పెద్దమనిషి మావారు. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సభలో ఆయనకు నోరు పెగలదు, ఇంట్లో నేనుండగా అవకాశం రాదు, కాబట్టి ఈ పని కూడా నా మీదే పడింది. సన్మానం అయ్యాక ఆయన ఒక పాట వాయిస్తారని ఆహ్వానపత్రికలో అచ్చువేశారు. వాయించనని ఆయన పొద్దున్నే చెప్పేశారు. గిటారు తెచ్చారు, యాంప్లిఫయర్ తెచ్చారు, అదిగో ఆయన కుర్చీ పక్కనే ఉంది, స్విచ్చి మాత్రం వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో నాకు తెలుసు. మీకూ తెలియాలనే ఈ మైకు దగ్గరికి వచ్చాను.

వెనకటి యాంప్లిఫయర్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులది. అది వేడెక్కడానికి కాసేపు పట్టేది, వేడెక్కాక ఈయన దాని దగ్గర్నుంచి కదలడానికి చాలాసేపు పట్టేది. దాన్ని మేడ మీంచి దించి వ్యానెక్కించే భాగ్యం, డ్రమ్ములు వాయించే మా తమ్ముడిది. వాడు ఒకరోజు మెట్ల మధ్యలో దాన్ని దింపేసి, "బావా, నీ సంగీతం నా నడుం మీదికొచ్చింది. ఇది ఉండాలో నేనుండాలో తేల్చుకో" అన్నాడు. ఈయన కాస్త ఆలోచించారు. (నవ్వులు) అంతసేపు ఆలోచించినందుకు వాడు ఇప్పటికీ క్షమించలేదు, అడగండి.

అలా మూడేళ్ల కిందట ఈ డిజిటల్ మోడలింగ్ యాంప్లిఫయర్ మా ఇంటికొచ్చింది. పేరు పొడుగు, మనిషి పొట్టి. లోపల వాల్వులూ గీల్వులూ ఏమీ ఉండవు. మిమిక్రీ చేసేవాడి గొంతులాగా ఒక్క పెట్టె ఎన్నో పాత యాంప్లిఫయర్లను అనుకరిస్తుంది. దానికితోడు తయారుచేసినవాళ్లే ముందుగా నింపి పంపిన శబ్దాలు బోలెడు, ఒక్కోటీ బావిలోంచి కేకేసినట్టు ప్రతిధ్వనితో. ఈయన హెడ్‌ఫోన్లు తగిలించుకుని వారమంతా ఆ పెట్టె ముందే కూర్చున్నారు. చివరికి ఆ హెడ్‌ఫోన్లు నా తలకు తగిలించి, "విను, ఎలా ఉందో" అన్నారు. నిజం చెప్పొద్దూ, దివ్యంగా ఉంది. మేఘం ఉరిమినట్టు కింద గంభీరంగా, పైన తళతళలాడుతూ.

శనివారం ఇక్కడికొచ్చి వాయించారు. ఇంట్లో పులి, హాల్లో పిల్లి. ఆ గంభీరమంతా బేస్ గిటారు మింగేసింది, ఆ తళతళంతా డ్రమ్ముల మీది తాళాలు మింగేశాయి, మిగిలింది ఏదో గొణుగుడు. మా తమ్ముడు పాట మధ్యలోనే వెనక్కి తిరిగి, "బావా, వాయిస్తున్నావా, దుప్పటి దులుపుతున్నావా?" అన్నాడు.

ఇంటికొచ్చాక యంత్రాన్ని తిట్టారు. నేను బళ్లో సైన్సు చెప్పి రిటైరయినదాన్ని, యంత్రాన్ని తిడితే ఊరుకోలేను. "పరికరాన్ని ఎక్కడ వాడతామో అక్కడే సరిచూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఈ రెండూ ఏడో తరగతి పిల్లలకు తెలుసు" అన్నాను. మర్నాడు కమిటీవారిని బతిమాలి ఈ హాలు తాళం తీయించాం. ఆయన వేదిక మీద, నేను పదో వరుసలో.

గిటారు వాయించే కుర్రకారు ఈ హాల్లో కొందరున్నారు కనక చెబుతున్నాను, మిగతావారు ఆవలించుకోవచ్చు. ముందు ఆ ప్రతిధ్వనులూ అలంకారాలూ అన్నీ తీసేయించాను. ఒకే ఒక్క యాంప్లిఫయర్, సాదాది, ఎంచుకోమన్నాను. మీటలన్నీ సరిగ్గా మధ్యలో పెట్టించాను. శనివారం ఎంత గట్టిగా వాయిస్తారో అంత గట్టిగానే వాయించమన్నాను, ఎందుకంటే చిన్నగా విన్నప్పుడు ముద్దొచ్చే శబ్దం పెద్దగా విన్నప్పుడు మొట్టబుద్ధేస్తుంది. గెయిన్ అనే మీట ఒకటుంటుంది, శబ్దాన్ని గరగరలాడించేది. మగవాళ్లు దాన్ని పెంచుకుంటూ పోతారు. సగానికి తగ్గించాను. పెట్టె అనుకరించే స్పీకరును కూడా మార్చుకోవచ్చునట, అది మార్చగానే, ఇన్ని మీటలు తిప్పినా రాని తేడా ఒక్కసారిగా వచ్చింది. బేస్, అంటే కింది స్వరాలు, తగ్గించాం, అది చూసుకోవడానికి బేస్ గిటారు మనిషి వేరే ఉన్నాడు. మధ్య స్వరాలు పెంచాం. ప్రతిధ్వని చివర్లో, ఉప్పు వేసినట్టు, చిటికెడు.

"ఇలా ఒంటరిగా వింటే మొండిగా, ముక్కుతో పాడినట్టుంది" అన్నారు ఈయన. "నలుగురిలో వినండి, అప్పుడు చెప్పండి" అన్నాను. నలుగురూ వచ్చి వాయించాక ఆ మొండిదే నిలబడింది. అంతా అయ్యాక, ఆ అమరికంతా పెట్టెలో దాచిపెట్టే మీట నొక్కకుండా స్విచ్చి ఆపేశారు. (నవ్వులు) మళ్లీ మొదట్నుంచి చేశాం. ఆ సాయంత్రం మేం మాట్లాడుకున్న మాటలు సభామర్యాద దృష్ట్యా వదిలేస్తున్నాను.

అక్కడితో అయిపోతే ఈ ప్రసంగమూ అయిపోయేది. కానీ ఆయన ట్రెబుల్ పెంచడం మొదలుపెట్టారు. ట్రెబుల్ అంటే శబ్దానికి పదును. ఈ వారం కొంచెం, పై వారం ఇంకొంచెం. "మందంగా ఉంది, మందంగా ఉంది" అంటారు. వినేవాళ్లకేమో సూదులు. మీరంతా మర్యాదస్తులు, "అద్భుతం గురువుగారూ" అని చెవి రుద్దుకుంటూ వెళ్లిపోయారు. మా కోడలికి అంత మొహమాటం లేదు. ఆవిడ పళ్ల డాక్టరు. ఒక శనివారం దగ్గరికొచ్చి, "మామయ్యగారూ, ఈ చప్పుడు నేను రోజంతా క్లినిక్‌లో వింటూనే ఉంటాను. కనీసం అక్కడ మత్తు సూది ఇస్తాం" అంది. (నవ్వులు) ఆయనా నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు వంటింట్లో పొయ్యి పక్కన టైమరు మోగింది. సన్నగా, కీచుమని. ఆయన దాని పక్కనే నిలబడి పేపరు చదువుతున్నారు. "ఏమండీ, అది ఆపండి" అన్నాను. "ఏది?" అన్నారు. తీసి ఆయన చేతిలో పెట్టాను. దాన్ని తిప్పి చూశారు, చెవి దగ్గర పెట్టుకున్నారు. నా మొహం చూశారు. నేను పొయ్యి ఆపాను.

(విరామం)

చెవి డాక్టరు చెప్పింది మాకప్పటికే తెలుసు. పై స్వరాలు ఆయనకు వినిపించవు. చెవి యంత్రం కొన్నాం. మాటలకు పనికొచ్చింది. గిటారు మాత్రం రేకుడబ్బాలో పడేసి ఊపినట్టుందని తీసి జేబులో పెట్టుకుంటారు. నేను మాట్లాడేటప్పుడు కూడా అది జేబులోనే ఉంటుంది, అది వేరే సంగతి. ఇప్పుడు చెవిలోనే ఉంది, చూసుకునే మొదలుపెట్టాను.

అప్పట్నుంచి మాకొక ఒప్పందం. జనం నిండితే హాలు శబ్దం మారుతుంది కనక పాటకూ పాటకూ మధ్య ఆయన పదో వరుస వైపు చూస్తారు. నేను చెవి పట్టుకుంటే ట్రెబుల్ తగ్గించాలి. పొట్ట మీద చెయ్యి వేస్తే బేస్ తగ్గించాలి. గుండె మీద వేస్తే మధ్య స్వరాలు పెంచాలి. పక్కన కూర్చున్నవారు ఒకరు నాకు అజీర్తి అనుకుని వాము మాత్రలు ఇచ్చారు. ఇంకొకరు, ఈ వయసులో ఆయన పాటకు గుండె పట్టుకుంటోందని మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

మీరు బాగుందన్న ఆ శబ్దం, ఈ ఒప్పందం మొదలైన దగ్గర్నుంచీ, ఆయనకు దుప్పటి కప్పుకుని విన్నట్టే ఉందట. ఒక్కసారీ గొణగలేదు. ఇవాళ పొద్దున మాత్రం, "ఇన్నాళ్లూ నీ చెవులతో వాయించాను. ఆఖరి పాట కూడా నాకు వినిపించకుండానే వాయించాలా?" అన్నారు. ఆయన నాతో అంత పొడుగు మాట మాట్లాడి చాలాకాలమైంది.  ఇక్కడికొచ్చే దారి పొడుగునా ఆలోచిస్తే జవాబు దొరికింది.

ఏమండీ, ఆ స్విచ్చి వెయ్యండి. ట్రెబుల్ మీకెంత కావాలో అంత తిప్పుకోండి. చెవి యంత్రం తీసి జేబులో పెట్టుకోండి. ఇవాళ వినాల్సింది మీరు.

సభవారికి మనవి. చెవుల్లో గుచ్చుకుంటుంది. ఒక్క పాటే. ఓర్చుకోండి. ఎవరూ మొహం చిట్లించకండి, ఆయనకు తగ్గింది చెవులే, కళ్లు బాగానే కనిపిస్తాయి. కోడలుగారికి ప్రత్యేకంగా చెబుతున్నాను.

(విరామం)

ఆయన లేచారు. ఎప్పుడూ లేనిది, ఒక్క మాటకే.

అడిగినప్పుడల్లా తాళం తీసిన కమిటీకి, నడుం ఇచ్చిన మా తమ్ముడికి, మొహమాటం లేని మా కోడలికి, ఇన్నేళ్లూ విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. నేను నా పదో వరుసకి వెళ్తున్నాను. ఆయన అలవాటు కొద్దీ అటు చూస్తారు. ఈసారి నా చేతులు ఒళ్లోనే ఉంటాయి.

సెలవు.