తగ్గిన కరెంటు

రాబర్ట్‌సన్‌పేటలో ఒక రాగిపిండి మిషను. చిన్న అంగళ్లలో కరెంటు వృథా తగ్గించే సంస్థ నుంచి నెలనెలా వచ్చే అమ్మాయి మీటరు చూసి, మిషను నడిపే పెద్దాయన వైపు తిరిగింది.

"చానా తగ్గిందప్పా! గింజలు లేనప్పుడు మిషను ఆపేస్తా ఉండారు కదా?"

"నువ్వు చెప్పినట్టే చేస్తా ఉండానమ్మా. కూర్చో, కాపీ పెట్టినాను. మా ఆవిడ ఒబ్బట్లు ఎట్ల చేస్తా ఉండెనో పోయిన నెల అడిగితివే, ఈపొద్దు చెప్తా."

"బస్సుకు టైమైందప్పా."

"సరేలే, వచ్చే నెల చెప్తా."

"ఇంగ నేను రానప్పా. మీరు తగ్గించేసినారు, నాతో పనేముండాది?"

"మరి యాడికి పోతావు?"

"తగ్గించనోళ్ల అంగళ్లకు."

"తగ్గించనోళ్ల దగ్గరికే వస్తావా?"

"అంతేనప్పా. కాపీ ఇంగోసారి తాగుతా. పోయొస్తా."

ఆమె వీధి మలుపు చేరేసరికి వెనక మిషను మోగింది. లోపల ఒక్క గిరాకీ కూడా లేడని గుర్తొచ్చి వెనక్కి వచ్చింది.

"అప్పా, గింజలు లేకుండానే తిరుగుతా ఉండాది!"

"తిరగనీమ్మా. వచ్చే నెల వచ్చి మీటరు చూద్దువు గానీ."