ముయ్యి పుల్లలు

వేప్పనపల్లి పక్కన చిన్న పల్లె. శనివారం పొద్దున. కాలేజీలో చదివే మోనిషా, ఆమె అవ్వ మునిలక్ష్మమ్మ.

“అట్ల ఆ చిన్న దేశం తన సొంత రూపాయిని వదిలేసి, చుట్టూ ఉండే పెద్ద దేశాల రూపాయిలో కలిసిపోతుంది. ఇంటా ఉండావా అవ్వా?”

“ఇంటానే ఉండా. ఈ సెమినార్ ఏ దినమంటివి?”

“సోమవారం. ఎన్నిసార్లు అడుగుతావు? కలిస్తే యాపారం సులువే. కష్టమొచ్చినప్పుడే చిక్కు.”

“ఏం చిక్కు?”

“సొంత రూపాయి ఉంటే దాని విలువ తగ్గించుకోవచ్చు. వాళ్ళ సరుకు బయట చవకై అమ్ముడుపోతుంది. కలిసినాక అది వాళ్ళ చేతిలో ఉండదు. అంతా పెద్దోళ్ళకి సరిపోయేట్ల పెడతారు. చిన్నోళ్ళకి పని పోతుంది, కూలి తగ్గుతుంది.”

“మన ముయ్యి పుల్ల మాదిరే ఉంది.”

“నేనూ అదే రాసినా, ముయ్యంటే బదులు పని అని. ఒకరి చేన్లో ఒక దినం చేస్తే ఒక పుల్ల. ఆ పుల్ల తిరిగిస్తే వాళ్ళు మన చేన్లోకి రావాల. పోయిన కరువులో ముసలోళ్ళకి అరదినానికే పుల్ల ఇయ్యమన్నది నువ్వే కదా?”

“నేనే. మన పల్లె పుల్ల, మన ఇష్టం.”

“పుల్లలు వదిలేసి, ముయ్యికి పెద్దూరోళ్ళు వాడే ప్లాస్టిక్ బిళ్ళల్లో కలవమని మునిరాజు మామ తిరుగుతా ఉండాడంట. ఒప్పుకోవద్దు.”

“ఆడ శానామంది ఉండారు. మన రాగి ఒక్క దినంలో కోసేస్తారమ్మా. పండి రాలిపోతా ఉంది.”

“వాళ్ళ బిళ్ళకి ఏడు నుంచి ఐదు దాకా వంగి చెయ్యాల. నీ మోకాళ్ళతో అవుతుందా?”

“కాఫీ చల్లారిపోతుంది, తాగు.”

“అవ్వా, మన పుల్లలు యాడ?”

“తాగమంటి కదా.”

“అటక మీద డబ్బాలో లేవు. యాడ?”

“నిన్న చేరిపోతిమి. ఇంక దేనికని పొయ్యిలో పెట్టినా. ఈ కాఫీ వాటితోనే కాచినా.”

“అడగనన్నా లేదే నన్ను. వెనక్కి రావడం కష్టమని పుస్తకంలోనూ ఉంది... సరే. రాగి ఎప్పుడు కోస్తారు?”

“రేపే. ఎనిమిది మంది వస్తారు.”

“ఎనిమిది మందా? ఆ ఎనిమిది దినాలు నువ్వు వాళ్ళకి ఎట్ల చేస్తావు?”

“ముసలిదాన్ని వద్దన్నారమ్మా. సోమవారం నుంచి టమోటా కోతకి నీ పేరు రాయించినా.”